మామయ్య మోకాళ్ళు

పొయ్యి మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. కోడలు ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో కూతురి జడ పట్టుకుని నిలబడింది. ఆ పిల్లకి బడిలో రాయించిన పేరు వేరే ఉంది గానీ ఇంట్లో అందరికీ పిచుకే. ఒక్కచోట నిలబడితే కదా! సరిగ్గా అప్పుడే సందులో హారన్ మోగింది. ఒకసారి కాదు, పెళ్ళివారు దిగినట్టు ఆగకుండా మోగింది.

వరండాలో దిండు వేసిన కుర్చీలో కూర్చున్న మామయ్య పేపరు కిందికి దించాడు.

"ఎవడ్రా ఆ హారన్ వీరుడు? సందు సందంతా లేచి కూర్చోవాలా వీడి కోసం?"

"ఇంకెవరు, మీ సుపుత్రుడే" అంది అత్తయ్య కిటికీలోంచి తొంగిచూసి. "ఏదో నీలం రంగు డబ్బాలో కూర్చుని వచ్చాడు."

అది డబ్బా కాదు, కారు. ఎవరో వాడి అమ్మిన చిన్న కారు. తళతళా తుడిపించి తెచ్చాడు. కోడలి భర్త అచ్చాఫీసులో మెషిన్ మీద పనిచేస్తాడు. తెల్లవారకముందే షిఫ్టు. సెలవు రోజు కూడా కళ్ళ కింద నలుపు పోదు. అలాంటి మనిషి ఆ రోజు పొద్దున మాత్రం చిన్నపిల్లాడిలా వెలిగిపోతున్నాడు.

"నాన్నా, ఇలా రా. లోపలికి చూడు. కింద ఏం కనిపిస్తోంది?"

మామయ్య కర్ర పట్టుకుని మెల్లగా మెట్లు దిగి, తలుపులోంచి చూశాడు.

"రెండు పెడల్సు."

"మరి మూడోది ఏది?"

"అమ్మినవాడు పీక్కుపోయుంటాడు" అంది అత్తయ్య. "సరిగ్గా చూసుకుని తీసుకోవద్దట్రా?"

"అబ్బా, అమ్మా! క్లచ్చే ఉండదు దీనికి. గేర్లు అవే పడతాయి. ఎడమ కాలికి పనే లేదు. నీ మోకాళ్ళ కోసమే నాన్నా, వెతికి వెతికి తెచ్చాను. వచ్చే సోమవారం నుంచి తాతా మనవరాలూ దర్జాగా బడికి వెళ్ళొచ్చు."

తాళం తీసి తండ్రి ముందు చాపాడు. మామయ్య భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. తాళం అందుకోవడానికే అనుకున్నారు అందరూ. ఆయన మాత్రం తుడుచుకున్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"బండి బాగుందిరా. నువ్వు తోలుకో. నా వల్ల కాదు."

"అదేంటి?"

"మోకాళ్ళురా..."

"క్లచ్ లేదంటున్నాను కదా!"

"లేకపోతే లేకపోయింది. నేను తోలను." అని కర్ర టకటకలాడించుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తాళం కొడుకు చేతిలోనే ఉండిపోయింది. పొయ్యి మీద పాలు పొంగి వాసన వచ్చేదాకా ఎవరూ కదల్లేదు.

ఆ తాళం మీద కోడలి ఉద్యోగం వేలాడుతోంది. ఆమె నర్సు. పిచుక పుట్టాక మానేసింది. ఇన్నాళ్ళకి పాత ఆసుపత్రి వాళ్ళే కబురు చేసి, పొద్దుటి షిఫ్టులోకి సోమవారం వచ్చి చేరమన్నారు. అదే సోమవారం పిచుక పెద్దబడిలో చేరుతుంది. ఆ బడికి బస్సు లేదు. బడి తెరిచే వేళకి తల్లి వార్డులో ఉండాలి, తండ్రి మెషిన్ దగ్గర ఉండాలి. అత్తయ్యవి నిజంగా అరిగిన మోకాళ్ళు, వాకిలి దాటితే రెండు రోజులు మంచమే. ఆటో మాట్లాడదామంటే అడ్డుపడింది మామయ్యే. "బస్తాల్లా కుక్కుతారమ్మా పిల్లల్ని. నా కంఠంలో ప్రాణం ఉండగా ఒప్పుకోను" అన్నాడు. అలా అన్న మనిషే ఇప్పుడు స్టీరింగు ముట్టనంటున్నాడు.

ముప్పై ఏళ్ళకు పైగా ఆయన చేసిన పని మరి ఇంకేమిటి?

మామయ్య బడి బస్సు డ్రైవరు. ఆ పసుపు బస్సు ఎక్కని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదంటే నమ్మాలి. ఆయన్ని ఊళ్ళో "ఊదని తాత" అనేవాళ్ళు. హారన్ ఊదడు కనక. ఏ ఇంటి ముందు ఆగినా అంతే, ఊరికే ఆగి ఉండేవాడు. "లోపల పిల్లకి బూటు దొరికి ఉండదు. వాళ్ళమ్మ వెతుకుతూ ఉంటుంది. నేను ఊదితే ఆ తల్లి చేతులు వణుకుతాయి, పిల్లకి రెండు దెబ్బలు పడతాయి. నా హారన్ వల్ల పిల్ల ఏడుస్తూ బడికి పోవడం దేనికి?" అనేవాడు.

అద్దంలో మొహం చూసి చెప్పేవాడు, ఏ పిల్లాడికి కడుపులో తిప్పుతోందో. మలుపు రాకముందే బండి మెల్లగా పోనిచ్చి, వాణ్ణి కిటికీ పక్కకి మార్పించేవాడు. పిల్లలు దిగాక బస్సు వెంటనే కదిలేది కాదు. దిగిన ప్రతి పిల్లా రోడ్డు పక్కకి వెళ్ళి నిలబడి, ఆయనకి మొహం చూపించి చెయ్యి ఊపాలి. అందరి మొహాలూ కనబడ్డాకే బ్రేకు మీంచి కాలు తీసేవాడు. దానికి పిల్లలు పెట్టుకున్న పేరు "మొహం చూపించడం". పెద్దయి పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళు కూడా బజార్లో కనబడితే ఎదురుగా నిలబడి "తాతా, మొహం చూపిస్తున్నా" అని నవ్వేవాళ్ళు.

ఒకసారి పెద్ద వానకి రోడ్డు మీద నీళ్ళు నిలిస్తే, బస్సుని మెరక మీద ఆపేసి, నీళ్ళు తగ్గేదాకా కదల్లేదట. పిల్లలందరి చేతా పాటలు పాడించాడట. పిల్లలందర్నీ ఇళ్ళకి చేర్చి, చీకటి పడే వేళకి బడికి తిరిగొస్తే హెడ్మాస్టరు గారు అందరి ముందూ ఉతికి ఆరేశారు. "ఆలస్యమైతే తిడతారు సార్, తిట్టించుకుంటాను. తిట్లకి నెత్తురు కారదు కదా" అన్నాడట మామయ్య.

కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో మామయ్యంటే ఆమెకి భయం. ఆయన మాట్లాడేదే తక్కువ. పిచుక పుట్టినప్పుడు ఆసుపత్రిలో పెద్ద డాక్టరు గదిలోకి వస్తూనే, మూల నిలబడ్డ మామయ్యని చూసి చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. ఆ డాక్టరుకి ఎదురుపడాలంటేనే నర్సులందరూ గడగడలాడేవాళ్ళు. ఆయన వెళ్ళాక కోడలు ఆశ్చర్యపోయి అడిగింది, "మామయ్యా, సారు మీకు తెలుసా?" అని.

"తెలియకపోవడమేంటమ్మా. కిటికీ సీటు" అన్నాడు మామయ్య. "మలుపు మలుపుకీ కక్కేవాడు. మంచి పిల్లాడు."

అలాంటి మనిషి, రిటైర్మెంటుకి ఇంకో ఏడాది ఉందనగా ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, "తాళాలు ఇచ్చేశాను. మోకాళ్ళు పట్టేస్తున్నాయి" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి ఆ ఇల్లు మామయ్య మోకాళ్ళ చుట్టూ తిరిగింది. కుర్చీకి దిండు, చేతికి కర్ర, కోడలు స్వయంగా వేడినీళ్ళ కాపడం. "వాపు కనిపించడం లేదే మామయ్యా" అని ఆమె అంటే "లోపలి నొప్పమ్మా, బయటికి తెలియదు" అనేవాడు. రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక, సందు చివర పాత స్నేహితుడి క్లినిక్కులో మోకాళ్ళకి కరెంటు పెట్టించుకోవడానికి కుంటుకుంటూ వెళ్ళేవాడు. వచ్చేటప్పుడు మాత్రం మొహం కళకళలాడుతూ ఉండేది. "కరెంటు బాగా పనిచేస్తోందమ్మా" అనేవాడు.

*

ఆ వారమంతా ఇంట్లో మాటలు తగ్గి గిన్నెల చప్పుడు ఎక్కువైంది. కారు గేటు పక్కన కొత్త అల్లుడిలా బిగుసుకుని నిలబడింది. కొడుకు మంచిగా చెప్పి చూశాడు, బతిమాలి చూశాడు. పిచుక వెళ్ళి తాత ఒళ్ళో కూర్చుని, "తాతా, నేను కక్కను. ప్రామిస్. నన్ను తీసుకెళ్ళవా?" అంది. మామయ్య ఆ పిల్ల తల నిమిరి, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

గురువారం సాయంత్రం కొడుకు పని నుంచి వచ్చాడు. చొక్కా మీద సిరా మరకలు, మొహంలో చిరాకు. చెప్పులు కూడా విప్పలేదు.

"నాన్నా, ఇంకా రెండు మూడు రోజులే ఉంది. చివరిసారి అడుగుతున్నాను. తోలతావా, తోలవా?"

"తోలనురా."

"ఎందుకని?"

"చెప్పానుగా, మోకాళ్ళు."

"మోకాళ్ళు, మోకాళ్ళు! ఆ మాట విని విని నా చెవులు తుప్పుపట్టాయి. కూర్చుని చేసే పనికి మోకాళ్ళేంటి నాన్నా? నడవమన్నానా నిన్ను?" గొంతు పెరిగింది. "నా చిన్నప్పుడు ఒక్కసారైనా నువ్వు నన్ను చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళావా? నేను లేచేసరికి నువ్వు ఊరి పిల్లల్ని ఎక్కించుకోవడానికి పోయేవాడివి. పోనీలే, నాన్న పని అది అనుకున్నాను. ఇప్పుడు పనీ లేదు, పాటా లేదు. ఊళ్ళో పిల్లలందరికీ తాతవి. నా పిల్లకి మాత్రం కావా?"

"ఒరేయ్, నోరు అదుపులో పెట్టుకో" అంది అత్తయ్య.

"నువ్వుండమ్మా. ఈయన ఒక్కడి పట్టుదలకి ఇది ఉద్యోగం వదులుకోవాలి. కోడలంటే కాపడం పెట్టడానికి పనికొచ్చే మనిషి, అంతేనా?"

మామయ్య లేచి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. ఆ పూట అన్నానికి రాలేదు. కంచం పట్టుకెళ్ళిన కోడలికి గోడ వైపు తిరిగి పడుకున్న వీపే కనిపించింది.

"మామయ్యా, ఆయన కోపంలో అన్నారు. మీరేం మనసులో పెట్టుకోకండి."

"వాడు అన్నదాంట్లో తప్పేముందమ్మా" అన్నాడు మామయ్య, ఇటు తిరక్కుండానే.

ఆ మాటకి కోడలికి కోపం రావాలో జాలి పడాలో తెలియలేదు. తప్పు లేదంటాడు, తోలనంటాడు! మనిషిలో ఏదో అడ్డం పడి ఉంది, అదేమిటో చెప్పడు. సరే, ఎవరో ఒకరు తగ్గాలి, ఆ తగ్గేదేదో నేనే అనుకుంది. మర్నాడు ఆసుపత్రికి వెళ్ళి రాలేనని చెప్పేద్దామని నిశ్చయించుకుంది. ఆ నిశ్చయం చేసుకున్నాక బీరువాలో మడతపెట్టి ఉన్న తెల్ల యూనిఫాం వైపు చూడలేక తలుపు మూసేసింది.

*

శుక్రవారం మధ్యాహ్నం ఎప్పట్లాగే మామయ్య కర్ర పట్టుకుని "కరెంటుకి వెళ్ళొస్తానమ్మా" అని కుంటుకుంటూ వెళ్ళాడు. కాసేపటికి కోడలు కూడా పిచుకని అత్తయ్యకి అప్పజెప్పి, ఆసుపత్రి వైపు వెళ్ళే సిటీబస్సు ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని, అక్కడి మేట్రన్ గారికి ఏమని చెప్పాలా అని మాటలు కూర్చుకుంటోంది. బస్సు రెండు మూడు స్టాపులు దాటింది.

అప్పుడు చూసింది.

ఫుట్‌పాత్ మీద ఒక పెద్దాయన విసవిసా నడుస్తున్నాడు. చంకలో కర్ర గొడుగులా ఇరికించుకుని, చేతులు ఊపుకుంటూ, పరేడ్‌కి వెళ్ళే సిపాయిలాగా! దారిలో ఒక గుంట అడ్డం వస్తే ఒక్క గంతు వేసి దాటేశాడు. భుజం మీద తువ్వాలు.

"ఇదేంటి, అచ్చం మా మామయ్యలా ఉన్నాడు" అనుకుంది. తరవాతి క్షణంలో, ఆ చొక్కా నిన్న తనే ఇస్త్రీ చేసిందని గుర్తొచ్చింది.

"ఆపండి, ఆపండి!" అని కేకపెట్టింది. కండక్టరు "స్టాపులోనే ఆపుతామమ్మా, ఇది మీ ఇల్లా?" అని విసుక్కున్నాడు. తీరా దిగేసరికి ఆమె నిలబడింది మామయ్య పాత బడి ముందు. అప్పుడే బడి వదిలారు. పిల్లలు తూము తెరిచిన నీళ్ళలా గేట్లోంచి దూకుతున్నారు. ఆ పెద్ద రోడ్డు మధ్యలో, ఎర్రగుడ్డ కట్టిన కర్ర ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ లారీల్నీ కార్లనీ నిలబెట్టి, మామయ్య! ఇంట్లో కుంటడానికి పనికొచ్చే కర్ర అదే.

"నడవండి, నడవండి. పరిగెత్తకు. బూటు లేసు కట్టుకో ముందు. నువ్వు, వెనక్కి చూడు, చెల్లెలు రాలేదు."

ఒక పిల్లాడి బ్యాగు జారిపోతే చటుక్కున గొంతుకూర్చుని సర్ది, లేచి నిలబడ్డాడు. గొంతుకూర్చుని, ఏ ఆసరా లేకుండా! చూస్తున్న కోడలికి ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళ కాపడాలు కళ్ళ ముందు తిరిగాయి. రాత్రి పగలు చూడకుండా ఎన్ని నీళ్ళు కాచింది!

"మామయ్యా!" అంది, పిల్లలు దాటాక ఆయన గేటు వైపు రాగానే ఎదురుగా వెళ్ళి. "కరెంటు బాగా పనిచేస్తున్నట్టుందే!"

మామయ్య చేతిలో కర్ర నెమ్మదిగా కిందికి దిగింది. అలవాటుగా దాని మీద ఒరిగి, కొంచెం కుంటబోయి, ఇంక లాభం లేదని మానేశాడు.

గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న పెద్దావిడ అది చూసి పకపకా నవ్వింది. ఆవిడ ఒకప్పుడు మామయ్య బస్సులో ఆయా. ఇప్పుడు గేటు కాపలా. "అయిపోయిందన్నా నీ నాటకం. కోడలేనా? రా అమ్మాయ్, కూర్చో. చాలాసార్లు చెప్పాను ఈయనకి, ఎన్నాళ్ళో దాగదని."

"ఏంటండీ ఇది? నర్సు చదివినదాన్ని, నన్నే బోల్తా కొట్టించారు. అక్కడ మా ఆయన ఇంటిని కిష్కింధ చేస్తున్నాడు. నేను ఉద్యోగం వద్దని చెప్పడానికి వెళ్తున్నాను. ఈయనకి మోకాళ్ళ వాపూ లేదు, నొప్పీ లేదు! మరి ఒక్క పిల్లని బడిలో దింపడానికి ఏమొచ్చింది?"

ఆయా నవ్వు ఆపేసింది. మామయ్య వైపు చూసింది. "నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

మామయ్య పిల్లల వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆవిడే చెప్పింది.

"ఇదే రోడ్డు, ఆ మలుపు దగ్గర. పిల్లలు దిగారు, అందరూ మొహం చూపించారు. బస్సు కదిలింది. ఒక బుడ్డోడి నీళ్ళ సీసా దొర్లుకుంటూ బస్సు ముందుకొచ్చింది. వాడు దానికోసం ఉరికాడు. అన్న బ్రేకు వేశాడు. బస్సు ఆగింది. వాడికీ బంపరుకీ మధ్య నా అరచెయ్యి పట్టేంత సందు. ఆ పిల్లాడికి అసలు తెలియనే తెలియదమ్మా. సీసా తీసుకుని, తల పైకెత్తి, 'టాటా తాతా' అని చెప్పి పోయాడు. బస్సులో పిల్లలకీ తెలియలేదు. నేను ఒక్కదాన్నే చూశాను. నేనే అన్నాను, 'ఏం కాలేదు కదన్నా, పద పోదాం' అని. ఈయన ఇంజను ఆపేసి, తాళం తీసి జేబులో వేసుకున్నాడు. బడికి ఫోన్ చేయించి, వేరే డ్రైవరు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు. మళ్ళీ ఆ సీటు ఎక్కలేదు."

"బ్రేకు వేశారుగా" అంది కోడలు. "ఆపారుగా మామయ్యా."

"ఆగిందమ్మా. నేను ఆపలేదు" అన్నాడు మామయ్య. మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. "కన్ను చూసింది. పిల్లాడు వస్తున్నాడు, తొక్కు అని కాలికి చెప్పింది. కాలు వెంటనే వినలేదు. రవ్వంత ఆలోచించుకుని తొక్కింది. ఎప్పుడూ అలా చెయ్యలేదది. ఆ రవ్వంత సేపు నాకు మాత్రమే తెలుసు. ఇంకెవరికీ తెలియదు, డాక్టరుకి చూపించినా దొరకదు. ఆ పూట రోడ్డు పొడిగా ఉంది కాబట్టి సరిపోయింది. తడిగా ఉంటే?"

"అయితే ఇంట్లో చెప్పాల్సింది కదా. మోకాళ్ళెందుకు?"

"చెబితే మీరేమంటారు? ఏం కాలేదుగా అంటారు. అది మంచి మాటేనమ్మా. నేనూ అదే అనుకుంటాను. అనుకుని మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఎక్కుతాను. ఆ మాట ఎవరూ నాతో అనకూడదనే మోకాళ్ళు అన్నాను. మోకాళ్ళతో ఎవరూ వాదించరు." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఇప్పుడు ఆ సీట్లో నా పిచుకని కూర్చోబెట్టుకోమంటున్నాడు వాడు. ఊరి పిల్లల్ని ఎక్కించుకోను అనుకున్నవాణ్ణి, ఇంటి పిల్లని ఎలా ఎక్కించుకుంటానమ్మా?"

కోడలు వార్డులో చాలామంది పెద్దవాళ్ళని చూసింది. కళ్ళు మసకబారినా, చేతులు వణికినా, "నాకేం, రాయిలా ఉన్నాను" అని వాదించేవాళ్ళనే చూసింది. ఎవరూ చూడని ఒక్క క్షణానికి తనంతట తాను తాళం తీసి జేబులో వేసుకున్న మనిషిని ఇప్పుడే చూస్తోంది. ఆ మనిషి రోజూ తన ఇంట్లోనే అన్నం తింటున్నాడు.

"పదండి మామయ్యా, ఇంటికి" అంది. "నేను ఆసుపత్రికి ఇవాళ వెళ్ళను."

"అంటే?"

"వద్దని చెప్పడానికే కదా వెళ్ళేది. చెప్పను."

ఇద్దరూ బస్సు ఎక్కలేదు. నడిచే వచ్చారు. ఆయన నడకని అందుకోలేక కోడలికే ఆయాసం వచ్చింది.

*

సందు మలుపు తిరిగేసరికి, గేటు దగ్గర కొడుకు నిలబడి ఉన్నాడు. తండ్రి కర్ర చంకలో పెట్టుకుని చకచకా రావడం చూసి నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోట్లోంచి ముందు కోపమే వచ్చింది.

"ఓహో! నడక బ్రహ్మాండంగా ఉందే! అంటే ఇన్నాళ్ళూ మమ్మల్నందర్నీ వెర్రివాళ్ళని చేశావన్నమాట. మోకాళ్ళు నాటకమా నాన్నా?"

"మీరు ఒక్క నిమిషం ఆగండి" అంది కోడలు.

"ఏం ఆగేది? నీకు ముందే తెలుసా?"

"ఆగండన్నానా!"

పెళ్ళయ్యాక ఆమె అలా గొంతెత్తడం అదే మొదలు. అతను ఆగిపోయాడు. అక్కడే గేటు దగ్గర, కారు బానెట్ మీద చెయ్యి ఆనించుకుని, విన్నదంతా చెప్పింది. సీసా సంగతీ, టాటా సంగతీ, ఆలోచించుకున్న కాలి సంగతీ. మామయ్య తప్పు చేసిన పిల్లాడిలా తల వంచుకుని నిలబడ్డాడు.

అంతా విని కొడుకు అక్కడే గట్టు మీద కూలబడ్డాడు.

"ఊరి పిల్లలకే తాతవన్నాను" అన్నాడు కారు చక్రం వైపే చూస్తూ. "ఎంత మాట అన్నాను నాన్నా."

"నీకు కోపం రావాలిగా మరి" అన్నాడు మామయ్య. "బిడ్డ సంగతి. రాకపోతే నాకు బాధ."

కొడుకు లేచి తండ్రి రెండు చేతులూ పట్టుకుని, తన మొహానికి ఆనించుకున్నాడు. సిరా వాసన వేసే ఆ చేతులూ, స్టీరింగు పట్టి పట్టి గట్టిపడిన ఆ చేతులూ కలిసిపోయాయి. "నాతో చెప్పి ఉండాల్సింది నాన్నా. నేను ఏం కాలేదుగా అని అనేవాణ్ణేమో, నిజమే. అయినా చెప్పాల్సింది."

ఇంట్లోంచి అత్తయ్య గడప పట్టుకుని వచ్చి, ముగ్గురి మొహాలూ చూసింది.

"తెలిసిపోయిందా?"

"నీకు తెలుసా అమ్మా!"

"ఎందుకు మానేశారో తెలియదు. మోకాళ్ళు మాత్రం తెలుసు" అంది అత్తయ్య. "ఇన్నేళ్ళు కాపురం చేశాను, ఆ మోకాళ్ళు నాకు తెలియవా? అసలు నొప్పి నాది, కాపడం ఆయనకి! ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. అయినా అబద్ధం ఆడని మనిషి ఒక్క అబద్ధం ఆడుతున్నాడంటే, దాని వెనకాల పెద్ద నిజమే ఉంటుందిలే అని ఊరుకున్నాను."

మొదట నవ్వింది కోడలే. తరవాత కొడుకు. ఆఖరికి మామయ్య కూడా తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఎప్పుడు కళ్ళు తడిశాయో ఎవరికీ తెలియదు.

"అయితే మామయ్యా" అంది కోడలు కళ్ళు తుడుచుకుని. "పెద్దబడి ఇక్కణ్ణుంచి ఎంత దూరం? మీరు ఇవాళ నడిచిన దాంట్లో సగం కూడా ఉండదు."

"సగమెక్కడమ్మా, అంతకన్నా తక్కువే. దారి కూడా మంచిది, ఒక్క పెద్ద రోడ్డు దాటితే చాలు" అన్నాడు మామయ్య, టకీమని.

అందరూ ఆయన వైపు చూశారు.

"అంటే... చూసొచ్చాను" అని నసిగాడు. "బడిలో చేర్చారని తెలిసిన రోజే. నడిపించుకు వెళ్తానని చెప్పాలని ఎంతో ఉంది. ఏ మోకాళ్ళు పెట్టుకుని చెప్పను?"

"ఖర్మ!" అంది అత్తయ్య. "అబద్ధానికి కాళ్ళుండవంటారు. మీ అబద్ధానికి కాళ్ళున్నాయి గానీ, కదలనివ్వలేదు."

*

సోమవారం పొద్దున కోడలు తెల్ల యూనిఫాంలో వాకిట్లో నిలబడింది. ఆసుపత్రి బస్సుకి వేళవుతోంది. బడికి ఇంకా చాలా టైముంది, అయినా మొదటి రోజు పిచుకని పెద్ద రోడ్డు దాకా సాగనంపాలని ఆశ. ముందురోజే సంగతి ఎలా పొక్కిందో, పక్కింటి టైలరు తన కవల పిల్లల్ని తయారుచేసి గేటు దగ్గర నిలబెట్టాడు. ఎదురింటి టీచరమ్మ కొడుకు కూడా వచ్చాడు. "ఊదని తాత తీసుకెళ్తున్నాడంటే మాకు ఇంకేం కావాలండీ" అంది ఆవిడ.

మామయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, పిల్లల్ని వరసలో నిలబెట్టాడు. చేతిలో కర్ర లేదు. అందరికన్నా వెనక నడిచాడు.

"ముందుండాలి కదా మామయ్యా మీరు?"

"వెనకుంటేనమ్మా అందరూ కనిపిస్తారు."

పెద్ద రోడ్డు వచ్చింది. ఆ వేళకి అప్పుడే లారీలు, మోటారు సైకిళ్ళు, ఎవరి హడావుడి వాళ్ళది. మామయ్య ముందుకు వచ్చి, పిల్లల్ని అంచుకి ఇవతలే ఆపి, పిచుక ముందు ఒక మోకాలి మీద కూర్చున్నాడు.

"చూడమ్మా. తాతకి వయసైంది. తాత కన్ను మంచిదే. అయినా ఒక్కోసారి కన్ను చెప్పింది కాలు కాస్త ఆలస్యంగా వింటుంది. అందుకని రోడ్డు ఖాళీ అని నేనొక్కణ్ణే అంటే సరిపోదు. నువ్వు కూడా అనాలి. వీళ్ళందరూ అనాలి. ఒక్కరు అనకపోయినా మనం దాటం. ఎంతసేపైనా నిలబడతాం. సరేనా?"

"నేను తప్పు చెబితే?"

"నేను చూస్తాగా."

"నువ్వు తప్పు చెబితే?"

"నువ్వు చూస్తావుగా."

పిచుక పెద్ద బాధ్యత మీద పడ్డ మనిషిలా నడుం మీద చేతులు పెట్టుకుని అటు చూసింది, ఇటు చూసింది. మళ్ళీ అటు చూసింది. కవలలు చూశారు. టీచరమ్మ కొడుకు చూశాడు.

"ఖాళీ" అన్నాడు మామయ్య.

"ఖాళీ" అన్నారు కవలలు ఒకే గొంతుతో. టీచరమ్మ కొడుకు కూడా అన్నాడు.

పిచుక అనలేదు. "దూరంగా సైకిల్ వస్తోంది తాతా" అంది.

మామయ్య అటు చూశాడు. నిజమే. చెట్ల నీడలోంచి ఒక సైకిల్ వస్తోంది. అంతకుముందు ఆయన కంటికి ఆనలేదు. వేరే ఎవరైనా అయితే, అదెక్కడో దూరంగా ఉంది, పదండి అనేవాళ్ళే. ఆయన పిల్ల చెయ్యి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సైకిల్ తాపీగా వచ్చి, తాపీగా వెళ్ళిపోయేదాకా నిలబడ్డాడు. ఆ మొహంలో చిన్నతనం లేదు, నామోషీ లేదు. బరువైన సామానుకి రెండో పక్క ఎవరో చెయ్యి వేస్తే ఎలా ఉంటుందో, అలా ఉంది.

కోడలికి కళ్ళల్లో నీళ్ళు నిండి రోడ్డంతా మసకైపోయింది. అవతల ఆమె ఎక్కాల్సిన బస్సు వచ్చి ఆగింది. ఆమె అటు పరిగెత్తలేదు.

"ఇప్పుడు ఖాళీ!" అని అరిచింది పిచుక.

అప్పుడు దాటారు అందరూ.